చూరుకు కట్టిన దసిలి

తలుపు ఇంకా తియ్యకూడదు. అరచేతిలో గీతలు కనబడేంత వెలుగు వచ్చేదాకా తియ్యవద్దని, దీపం కూడా పెట్టవద్దని సోములమ్మ నిన్న సాయంత్రం రెండుసార్లు చెప్పి వెళ్ళింది. తొలికోడి కూసి చాలాసేపయింది. చాప మీద వెల్లకిలా పడుకుని చెయ్యి ముఖానికి ఎదురుగా పెట్టుకుని చూస్తున్నాను. చెయ్యి ఉన్నదని తెలుస్తున్నది, వేళ్ళు ఎక్కడ విడిపోతున్నాయో తెలియడం లేదు. తలుపుకు అవతల నేను బడి చెప్పే వసారా. ఆ వసారా చూరుకు వేలాడదీసిన వెదురుపుల్ల మీద, నిన్న పొద్దువాలే వేళ పట్టుకాయలోంచి బయటికి వచ్చిన ఆడ చిలుక ఉంది. ఇక్కడివాళ్ళు చిలుక అనేది పక్షిని కాదు, మద్దిచెట్ల మీద పెరిగే దసిలి పట్టుపురుగు చివరికి రెక్కలతో వచ్చే రూపాన్ని. ఈ రాత్రి అడవిలోంచి మగ చిలుక దాన్ని వెతుక్కుంటూ వచ్చి ఉంటే, అది పెట్టే గుడ్లలోంచి పురుగులొస్తాయి, ఈ ఊళ్ళో దసిలి విత్తనం నిలుస్తుంది. రాకపోతే నాలుగు రోజుల్లో వట్టి గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఊరి విత్తనంలో మిగిలింది ఇదొక్కటే. మా కూతురు కనక పెంచిన పురుగు ఇది. మిగిలినవాటిని చంపింది నేను.

అచ్చియమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతున్నదో మేలుకుని ఉన్నదో పదేళ్ళ కాపురం తరువాత కూడా వీపు చూసి చెప్పలేకపోతున్నాను. ఒకప్పుడు చెప్పగలిగేవాణ్ణి. మధ్యలో కనక పడుకునేది, నిద్రలో ఒక కాలు నా మీదా ఒక చెయ్యి వాళ్ళమ్మ మీదా వేసేది, ఆ చెయ్యి కదిలే తీరును బట్టి ఆవిడ నిద్ర నాకు తెలిసేది. ఇప్పుడు మధ్యలో చాప ఖాళీగా ఉంది. ఆ జాగాలోకి నేనూ జరగలేదు, ఆవిడా జరగలేదు. మాటలు లేవని కాదు. ఉప్పు అయిపోయిందని చెబుతుంది, నీళ్ళు తోడానని చెబుతుంది, సంతకు ఎవరు వెళుతున్నారని అడుగుతుంది. అయిదు నెలలుగా అనవలసిన మాట ఒక్కటే అనడం లేదు. ఆ మాట ఏమిటో నాకు తెలుసు. దానికి చెప్పుకోవలసిన జవాబులు కూడా ఎన్నో రాత్రుల నుంచి పేర్చి పెట్టుకున్నాను.

చినుకుల చప్పుడు. కాదు, పనసాకుల మీంచి పాత నీళ్ళు జారుతున్నాయి. వాన పడితే మగవి ఎగరవని సోంబరు అన్నాడు, సన్నచినుకైతే ఎగురుతాయని వాళ్ళమ్మ సోములమ్మ అంది. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు, చివరికి ఆవిడ కొడుకు తలమీద ఒకటి వేసి, నువ్వు పుట్టకముందు నుంచి చిలకలు కడుతున్నాను నోరుముయ్యి అంది. సోములమ్మకు అరవై ఉంటాయేమో. మద్దిచెట్ల కింద మంచె వేసుకుని, పురుగులను కాకుల నుంచీ చీమల నుంచీ కాపలా కాసి పెంచే మూడిళ్ళలో ఆవిడదే పెద్ద ఇల్లు. కిందటి ఆశ్వయుజంలో ఒకనాడు కొమ్మ మీంచి జారిపడిన పురుగును ఆకులో పెట్టి తెచ్చి కనక చేతికిచ్చింది. నేల మీద పడిన పురుగును మళ్ళీ చెట్టు ఎక్కించరట. అప్పటికది చిటికెన వేలంత ఉంది, లేత మద్దాకు రంగులో. ఇంట్లో పురుగులెందుకని నేను అనబోతుంటే సోములమ్మ నవ్వి, "ఉండనీ బాబూ. పంతులింట పెరిగిందంటే ఇది సదువుకుంటాది. రేపు మా పురుగులకి ఎక్కాలు సెప్తాది" అంది. కనక అది నమ్మింది. మట్టిముంతలో నీళ్ళు పోసి మద్దికొమ్మ నిలబెట్టి, పురుగును దానిమీద పెట్టి, దాని ముందు కూర్చుని రెండో ఎక్కం చదివేది.

పురుగును పెంచేవాళ్ళు కాయ కట్టేదాకా చేప ముట్టరు, తలకు నూనె రాయరు, ఇక్కడి కట్టుబాటు అది. ఏడేళ్ళ పిల్లకు ఎవరూ చెప్పలేదు, సోములమ్మ మనవల దగ్గర విని తనంతట తానే పట్టింది. ఎండుచేప లేకపోతే ముద్ద దిగని పిల్ల. వాళ్ళమ్మ కావాలనే పొయ్యి మీద చేప కాల్చి, వాసన బాగుంది కదే గుంటా అని ఉడికించేది. కనక ముక్కు మూసుకుని పెరట్లోకి పరుగెత్తి, "పురుక్కి తెలిసిపోతాదమ్మా, నాకు పెట్టకు" అని అక్కడి నుంచి అరిచేది. ఆ పురుగు రాత్రీ పగలూ తినేది. చీకట్లో ఆకు కొరికే చప్పుడు, ఎవరో దూరంగా కాగితం చింపుతున్నట్టు వినబడేది. నేను దాని పెరుగుదల అంగుళాల్లో కొలిచి కాపీపుస్తకంలో రాసేవాణ్ణి, బడిలో ప్రకృతి పాఠానికి పనికొస్తుందని. ఎన్నిసార్లు కుబుసం విడిచింది, ఏ రోజున, పక్కల మీద వెండిచుక్కలు ఎన్ని. కుబుసం విడిచేముందు తల పైకెత్తి ఒక రోజంతా ఆకు ముట్టక ఊరికే ఉండిపోయేది. కనక ఆ రోజు తనూ సరిగా తినేది కాదు. కార్తీకంలో ఒకనాడు పురుగు రెండు ఆకులను దగ్గరికి లాక్కుని దారం కట్టడం మొదలుపెట్టింది. ముందు కొమ్మకు ఒక ఉంగరంలా చుట్టుకుంది, ఆ ఉంగరం నుంచి ఒక తొడిమ కిందికి దించింది, ఆ తొడిమకు కాయ కట్టింది. మూడు రోజులు. మొదటి రోజు గూటిలోంచి అది కదలడం కనబడేది, రెండో రోజు నీడలా కనబడేది, మూడో రోజు కనబడలేదు. లోపల చీకటిగా ఉంటుందా నాన్నా అని అడిగింది కనక. దానికి చీకటి తెలియదు అన్నాను. అప్పుడు నాకు అది సరైన జవాబులాగే తోచింది.

చెయ్యి మళ్ళీ చూసుకున్నాను. బొటనవేలు విడిగా తెలుస్తున్నది.

పుష్యమాసంలో శనివారం నాడు కనకకు చలిజ్వరం వచ్చింది. ఈ కొండల్లో జ్వరం రాని ఇల్లు లేదు, ముగ్గురికీ అంతకుముందు వచ్చి పోయింది. క్వినైన్ ఇచ్చాను. ఆదివారం తగ్గింది, సోమవారం మళ్ళీ పెరిగింది. సోమవారం రాత్రి అచ్చియమ్మ, పిల్లను కోట ఆస్పత్రికి దించుదామని అంది. డోలీ మోయడానికి సోంబరు, ఇంకో ముగ్గురు సిద్ధంగా ఉన్నారు, తనే వెళ్ళి అడిగి వచ్చింది. ఘాటు దిగి శృంగవరపుకోట చేరడానికి రెండు రోజులు. శుక్రవారం ఇన్‌స్పెక్టరు గారు బడి పరీక్షకు వస్తారు, ఈ బడి పెట్టిన మూడేళ్ళలో ఆయన రావడం ఇదే మొదలు, పిల్లలు లేరనీ పంతులు లేడనీ రాస్తే బడి ఎత్తేస్తారు, శనివారం తెల్లవారగానే బయలుదేరుదాం అన్నాను. మూడేళ్ళలో ఒక్కరోజు కూడా బడి మూయని మనిషిని అని కూడా అన్నాను. మంగళవారం పాఠం చెప్పాను, బుధవారం చెప్పాను. గురువారం దీపాలవేళ కనక పోయింది. శుక్రవారం ఇన్‌స్పెక్టరు గారు రాలేదు. దారిలో ఎడ్లు జబ్బుపడ్డాయని కబురు వచ్చింది. రెండు వారాల తరువాత వచ్చి, బడి బాగున్నదని రాసి వెళ్ళారు. ఆయన మంచివాడే. నా గుడ్డకు సున్నం అంటి ఉంటే తుడుచుకోమని చెప్పాడు.

ఇక్కడిదాకా వచ్చి ఆలోచన ఆగదు, పక్కకు తిరుగుతుంది. రెండు రోజుల దారి అంటే బుధవారం సాయంత్రానికి కోటలో ఉండేవాళ్ళం. డాక్టరు ఉండేవాడో లేదో. ఉన్నా చెయ్యగలిగేది ఉండేదో లేదో. డోలీ కుదుపుకు దారిలోనే పోయేదేమో. ఈ లెక్క ఎన్నిసార్లు చేసినా శేషం మిగులుతూనే ఉంటుంది.

వసారాలో ఏదో తట్టిన చప్పుడు. గబ్బిలమా. కిందటేడు సోంబరు కట్టిన చిలుకల్లో రెండింటిని గబ్బిలాలు తిన్నాయని, తెల్లవారి చూస్తే దారానికి రెక్కముక్కలే ఉన్నాయని చెప్పాడు. లేవబోయి ఆగాను. తలుపు తీస్తే గాలికి పుల్ల ఊగుతుంది, ఊగితే వచ్చినది విడిపోతుంది. ఇదంతా నిజమో కట్టుబాటో నాకు తెలియదు. నిజమైనదేదో చెప్పి వీళ్ళను ఒకసారి ముంచాను, ఇప్పుడు వీళ్ళు చెప్పినది వినడమే నాకు మిగిలింది.

అది ఫాల్గుణంలో. జ్వరాలు దోమల వల్ల వస్తాయని, ఇళ్ళు మూసి గంధకం పొగ పెడితే అవి చస్తాయని ఒక అచ్చుకాగితం నా దగ్గరికి వచ్చింది. కనక పోయిన తరువాత నాకు ఏ పనీ చేతిలో నిలవలేదు, ఇది నిలిచింది. ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. సంత నుంచి గంధకం నేనే మోసుకొచ్చాను. వినని వాళ్ళు కూడా విన్నారు, బిడ్డను పోగొట్టుకున్నవాడు చెబుతున్నాడు కదా అని. పన్నెండు ఇళ్ళలోంచి మనుషులనూ మేకలనూ కోళ్ళనూ బయటికి తెచ్చాం. నెగళ్ళు ఆర్పి, తలుపులు బిగించి, చట్లలో గంధకం కాల్చి, మధ్యాహ్నం దాకా ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. మూడిళ్ళలో దూలాలకు దండలు కట్టి వేలాడుతున్న విత్తనపు కాయలు నేను చూశాను. చూసి కూడా తోచలేదు. కాయ గట్టిది కదా, రాయిలాంటిది కదా అనుకున్నానేమో. ఏమీ అనుకోలేదేమో. వైశాఖంలో సోములమ్మ దండ విప్పి ఒక్కొక్క కాయనూ చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. బతికున్న కాయ బరువుగా, మొద్దుగా కదులుతుంది. చచ్చినది ఎండు చిక్కుడుగింజలా గలగలమంటుంది. బతికినవి కుడివైపూ చచ్చినవి ఎడమవైపూ వేద్దామని కూర్చుంది. కుడివైపు ఒక్కటీ పడలేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది. ఆఖరి కాయ వేశాక చీర దులుపుకుని లేచి, "పొగ మంచిదే బాబూ. దోమలు సచ్చినాయి" అంది.

పొరుగు ఊరి విత్తనం తెచ్చుకోరు. ఏ కొండ విత్తనం ఆ కొండదే అంటారు, తెస్తే కొండదేవత ఒప్పదంటారు. అడవికాయ ఎప్పుడో ఒకటి దొరికితే దొరుకుతుంది, అది చెప్పినమాట వినని పురుగు అని సోములమ్మ నవ్వుతుంది. ఈ ఏటికి మూడిళ్ళ మద్దిచెట్లూ ఊరికే ఆకులు వేసుకుని నిలబడి ఉంటాయి. కనక కాయ కూడా మా ఇంట్లోనే చచ్చి ఉంటుందనుకున్నాను. అడగలేదు. పొగ పెట్టిన రోజున అచ్చియమ్మ ఆ కాయను కొమ్మతో సహా కొంగులో పెట్టుకుని పనసచెట్టు కింద కూర్చున్నదని నిన్నటిదాకా నాకు తెలియదు. నాకు చెప్పి ఉండవలసింది. లేదా నేను అడిగి ఉండవలసింది. ఇద్దరం ఒకే చాప మీద పడుకుంటున్నాం.

నిన్న పొద్దువాలుతుండగా పెరటి తలుపు దగ్గర ఆవిడ ఆ కొమ్మ పట్టుకుని నిలబడి ఉంటే చూశాను. కాయ పైమొన తడిసి ఉంది. ఆ తడిలోంచి ముందు గోధుమరంగు నూగు కాళ్ళు, ఈకల్లాంటి రెండు మీసాలు, తరువాత బరువైన పొట్ట. కొమ్మ మీదికి పాకి, తలకిందులుగా వేలాడి, నలిగిన గుడ్డపీలికల్లాంటి రెక్కలను నెమ్మదిగా దించుకుంది. గంటకు అవి నా రెండు అరచేతులంత అయ్యాయి. పసుపురంగు, ఒక్కొక్క రెక్క మీద అద్దపుముక్క లాంటి గుండ్రటి చుక్క, దానిలోంచి అవతలి గోడ కనబడుతుంది. కాపీపుస్తకం తేవాలని లేచి, మళ్ళీ కూర్చున్నాను. అచ్చియమ్మ చిన్న గిన్నెలో బెల్లంనీళ్ళు కలిపి తెచ్చి దాని ముందు పట్టింది. పట్టుకునే ఉంది. కబురు తెలిసి వచ్చిన సోములమ్మ ఆ గిన్నె చూసి, "దానికి నోరు నేదమ్మా. తినవలిసిందంతా పురుగప్పుడే తినీసింది" అంది. అచ్చియమ్మ గిన్నె కింద పెట్టింది. చివరి రెండు రోజులూ కనక గంజి కూడా మింగలేదు. ముగ్గురం ఆ గిన్నెనే చూస్తూ కూర్చున్నాం.

చిలుకను అడగడానికే వచ్చింది సోములమ్మ. కాని అడగలేదు. వెదురుపుల్ల ఒడిలో పెట్టుకుని, కొండ ఆ మొగాన మేఘం పట్టిందనీ, ఆడది ఒక్క రాత్రే గట్టిగా పిలుస్తుందనీ, రెండో రాత్రికి పిలుపు సన్నబడుతుందనీ ఎవరితోనో అన్నట్టు చెప్పింది. ఆ పిలుపు మనకు వినబడదట. బయట కట్టమని నేను ఎలా చెప్పను. ఇంట్లో ఉంచుకుంటే నాలుగు రోజులు ఉంటుంది. బయట కడితే ఈ రాత్రే పోవచ్చు. ఊరికి నేను బాకీ, కాని తీర్చవలసిన వస్తువు అచ్చియమ్మది. పొగ పెట్టమని ఇంటింటికీ తిరిగి చెప్పిన నోరు నిన్న లేవలేదు. చివరికి అచ్చియమ్మే అడిగింది, దారం దేనికి కడతారు అని. రెక్కల మొదట్లో, పొట్ట దగ్గర కాదు అంది సోములమ్మ. ఆవిడ తెచ్చిన నారదారం వేళ్ళతో నలిపి చూసి, ఇది కోస్తుంది అని, అచ్చియమ్మ తన చీర అంచులోంచి ఒక పోగు లాగి ఇచ్చింది. ముడి వేస్తుంటే రెక్క కదలకుండా పట్టుకున్నది కూడా ఆవిడే. వేళ్ళకు పసుపు పొడి అంటింది. కడుక్కోలేదు.

మగది రానీ. ఏ దేవుడికి అంటున్నానో తెలియదు. కనక తిరిగి రావాలని కాదు, అంత తెలివి ఉంది నాకు. ఆ పిల్ల చేప మానుకుని పెంచినది ఒకటి ముందుకు పోతే చాలు. అదికూడా పోతే, నేను పొగపెట్టినవాణ్ణి మాత్రమే అవుతాను ఈ ఊళ్ళో, ఈ ఇంట్లో. ఈ ఇంట్లో అన్నదే అసలు మాట. చిలుక లేని పుల్లను అచ్చియమ్మ చూస్తే ఆవిడ కోట దారి పట్టి పుట్టింటికి వెళ్ళిపోతుంది, నేను ఆపలేను. ఆపడానికి నా దగ్గర ఏమీ ఉండదు.

గీతలు కనబడుతున్నాయి. ఎంతసేపటి నుంచి కనబడుతున్నాయో. చెయ్యి దించి ఇటు తిరిగేసరికి గోడవైపు చాప ఖాళీగా ఉంది. తలుపు ఒక జానెడు తెరిచి ఉంది. గొళ్ళెం చప్పుడు నాకు వినబడలేదు.

వసారాలో చలిగాలి. అచ్చియమ్మ మెట్టు మీద నిలబడి పైకి చూస్తున్నది. చూరు కింద పుల్ల మీద, పసుపు రెక్కల వెనక ఇటుకరంగు రెక్కలు, కొంచెం చిన్నవి, అంచులు చిరిగినవి. ఎంత దూరం నుంచి వచ్చాడో. రెండు పొట్టలూ కొనలు కలిసి ఉన్నాయి. రెండూ కదలడం లేదు.

సోములమ్మ ఎప్పటి నుంచో వసారా కింద గట్టున కూర్చుని ఉంది. చుట్ట ఆర్పి, గొంతు బాగా తగ్గించి, పొద్దు మునిగేదాకా అవి ఇలాగే ఉండాలని, దగ్గరలో అరుపులు ఉండకూడదని, బెదిరి మగది ముందే విడిపోతే గుడ్లలో సగం వట్టివవుతాయని చెప్పింది. ఇంక చెప్పవలసింది ఆవిడ చెప్పలేదు. ఇంకొంచెంసేపటికి పందొమ్మిది మంది పిల్లలు వచ్చి, ఈ పుల్ల కిందే కూర్చుని, ఒక్కగొంతుతో ఎక్కాలు చదువుతారు.

"ఈవేళ బడి మూసేస్తున్నాను" అన్నాను.

అచ్చియమ్మ నావైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు. చాలాదూరం మోసినదాన్ని ఎక్కడ దించాలా అని చూసే మనిషిలా ఉంది.

"ఆ సోమవారంనాడే మూసీవలిసింది" అంది.

పేర్చి పెట్టుకున్న జవాబులేవీ నోట రాలేదు. ఇన్‌స్పెక్టరు మాట రాలేదు, రెండు రోజుల దారి రాలేదు, డోలీ కుదుపు రాలేదు.

"అవును" అన్నాను. "మూసెయ్యవలసింది."

సోములమ్మ తల వంచుకుని గట్టు మీది గడ్డి పీకుతున్నది. అచ్చియమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ చూరు వైపు చూసింది. తరువాత, మునుపు మాట్లాడే గొంతుతో, కొంచెం విసుగ్గా, "మరి నిలబడిపోయారేటి. పిల్లలు అరుసుకుంటా వొచ్చెత్తారు. ఎదురెళ్ళి సెప్పండి, బేగెళ్ళండి" అంది.

వాగు దాటే చోటిదాకా వెళ్ళాను. నలుగురు పిల్లలు ముందు వస్తున్నారు, ఒకడి నెత్తిన పలక. ఈవేళ బడి లేదని, వెనక వచ్చేవాళ్ళకు కూడా చెప్పమని, చప్పుడు చెయ్యకుండా ఇళ్ళకు వెళ్ళమని చెప్పాను. ఎందుకని అడగకుండానే వెనక్కి తిరిగి పరుగెత్తారు. రాయి మీద కూర్చున్నాను. మా ఇల్లు కనబడదు, మధ్యలో కొండ మలుపు ఉంది, వాగు మోత ఉంది. ఇక్కడ ఎంత గట్టిగా ఏడ్చినా వసారా దాకా పోదు.